ఒడ్డుకు నిధులడిగిన లింబాద్రి సార్

డాక్టర్ లింబాద్రి సార్ ఇక లేరన్న వార్త పోయిన సోమవారం ఉదయం, నా టైపింగ్ దుకాణం షట్టర్ సగం ఎత్తి ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది చేపల సంఘం పెద్ద సాయిలు. "అన్నా, సార్ మనల ఇడిసిపెట్టి పోయిండే. తెల్లారుజామున పానం పోయిందట" అన్నాడు. ఆ షట్టర్‌ను పూర్తిగా ఎత్తాలో, కిందికి దించాలో తోచక ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు. లోపల బల్ల మీద ఆయన కోసం తీసి పెట్టిన దరఖాస్తు ఉంది. "సోమవారం పదకొండు గంటలకొచ్చి సంతకం పెడత శంకర్" అని శనివారమే చెప్పి వెళ్ళారు. దానికి గడువు శుక్రవారం. మరణం అనివార్యమనీ, దేహం అశాశ్వతమనీ గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలలో చదివానో లెక్కలేదు. ఆ ఉదయం అందులో ఒక్క వాక్యం కూడా నాకు అక్కరకు రాలేదు.

సార్‌ను ఎరిగినవాళ్ళకు ఆయన బోధన్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు. ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చందూర్ దగ్గరి పల్లెలో పుట్టారు. తండ్రి ఎడ్లబండి మీద చెరుకు వేసుకుని బోధన్ ఫ్యాక్టరీకి తోలిన మనిషి. కొడుకు నీటిమొక్కల మీద పరిశోధన చేసి డాక్టరయ్యాడు. "ఏ రోగానికి మందిస్తవురా?" అని తండ్రి అడిగితే, "చెరువు రోగానికి బాపూ" అన్నారట. తండ్రి నవ్వలేదట. "అయితే తొందరగ ఇయ్యి, జంగం చెరువు నీళ్ళు ఎడ్లు గూడ తాగుతలెవ్వు" అన్నాడట. ఈ సంగతి సార్ నాతో చాలాసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ చివర ఒక నిట్టూర్పు ఉండేది.

జంగం చెరువు ఎడపల్లి దారిలో చెరుకు తోటలు దాటి లోపలికి పోతే వస్తుంది. ఆ చెరువు గురించి సార్ వాదం ఒక్కటే. దాన్ని ఆయన మాటల్లోనే చెప్పాలి. "చెరువుకు కట్ట ఒక్క దిక్కే ఉంటది. తక్కిన మూడు దిక్కుల ఒడ్డే. కట్ట తెగితే లోకమంత ఉరుకుతది. ఒడ్డు చస్తే ఎవ్వరు ఏడ్వరు." వరి మళ్ళలో, చెరుకు తోటల్లో చల్లిన ఎరువు వానకు కొట్టుకుని చెరువులోకే వస్తుంది. పూర్వం ఒడ్డు పొడుగునా తుంగ, జమ్ము దట్టంగా ఉండి ఆ మట్టినీ ఎరువునూ పట్టి ఆపేవి. వాటి వేళ్ళ మధ్య చేపలు గుడ్లు పెట్టేవి. ఇప్పుడు నీళ్ళు వెనక్కి తగ్గినకొద్దీ శిఖం భూమిని, అంటే చెరువు కడుపులో తేలిన నేలను, నీటి అంచుదాకా దున్నేస్తున్నారు. తుంగ పోయింది, గుర్రపుడెక్క వచ్చింది. వేసవి తెల్లవారుజామున చేపలు నీటిపైకి మూతులు పెట్టి గాలికోసం కొట్టుకుంటాయి. కట్టకు నిధులున్నాయి, తూముకు ఉన్నాయి, నిండితే నీళ్ళు పొర్లే మత్తడికి ఉన్నాయి, పూడికతీతకు ఉన్నాయి. "కట్టకు కాంట్రాక్టరున్నడు, మత్తడికి కాంట్రాక్టరున్నడు. ఒడ్డుకు తుంగ తప్ప ఎవరున్నరు శంకర్?" అనేవారు. ఒడ్డును తిరిగి బతికించే పరిశోధనకు నిధులు అడగడమే ఆయన చివరి పదిహేనేళ్ళ జీవితం.

అడగడానికి కాగితం కావాలి, కాగితానికి టైపింగ్ కావాలి. అట్లా నా దగ్గరికి వచ్చారు. నేను పదో తరగతితో బడి మానినవాడిని. మా అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని, శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలు పైకి చదివి వినిపించేవాడిని. బడి ఆగింది కానీ చదవడం ఆగలేదు. అక్కడి నిఘంటువులన్నీ అక్షరక్రమంలో చదివినవాడిని నేనొక్కడినే అని అక్కడి గ్రంథపాలకుడే చెప్పాడు. ఆ ధైర్యంతోనే మొదటి రోజే సార్ రాసుకొచ్చిన తెలుగు సారాంశంలో వేలు పెట్టాను. "తీరప్రాంత పర్యావరణ పునరుద్ధరణ" అని ఉంది. "సార్, తీరప్రాంతమంటే మనోళ్ళు విశాఖపట్నమనుకుంటరు. ఒడ్డు అని రాయండి" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "ఎంతవరకు చదివినవు?" అన్నారు. చెప్పాను. "మంచిదైంది. ఇంకొంచెం చదివితే నాలెక్కనే రాస్తుండె" అన్నారు. ఆ రోజు నుంచి నా దుకాణంలో గోడ పక్కనున్న స్టూలు ఆయనది.

దరఖాస్తులు ఒకటొకటిగా తిరిగివచ్చాయి. చెరువు చిన్నదని ఒకరు, పూర్వపు కొలతలు లేవని ఒకరు, పదవీ విరమణ చేసినవారికి వెనుక ఒక సంస్థ ఉండాలని ఒకరు. నేను ఉడికిపోయేవాడిని. ఆయన ఉత్తరాన్ని నిదానంగా రెండుసార్లు చదివి, అంచుకు రెండు రంధ్రాలు వేసి, దారం కట్టిన కట్టలో చేర్చేవారు. "వాళ్ళు కాదన్నది మన కాగితాన్ని. చెరువును కాదనలె. కాగితం మళ్ళ రాద్దాం" అనేవారు. ఆ మాటలో ఉత్సాహం ఏమీ ఉండేది కాదు. పొద్దున్నే లేచి పొలానికి పోయే మనిషి నడకలో ఉండే అలసట ఉండేది, అంతే. కొలతలు లేవన్నందుకు తానే ఒడ్డువెంట తిరిగి కొలతలు మొదలుపెట్టారు. సంస్థ కావాలన్నందుకు తాను పాఠం చెప్పిన కాలేజీ మెట్లే మళ్ళీ ఎక్కి ఉత్తరం తెచ్చుకున్నారు.

నాలుగోసారి ఢిల్లీలోని ఒక శాస్త్ర సంస్థ రెండేళ్ళకు చిన్న సాయం మంజూరు చేసింది. ఫలితం బాగుంటే చెరువు ఒడ్డు మొత్తానికీ పెద్ద పథకం ఇస్తామంది. ఆ ఉత్తరం చూసి సార్ మూడుసార్లు అద్దాలు తుడుచుకున్నారు. ఇంట్లో చెప్పమంటే, "మా ఆమె నమ్మది. నువ్వే ఫోన్ చెయ్యి" అన్నారు. ఆయన భార్య నిజంగానే నమ్మలేదు. "ఏం శంకర్, పొద్దుగాల్నే పరాచికాలా? ఢిల్లీ ఉత్తరాలకు మా ఇంట్ల ఒక డబ్బ ఉన్నది, అండ్ల ఎయ్యమను" అన్నారు.

ఒడ్డు మీద ఇరవై మడులు గుర్తు పెట్టారు. ప్రతి మడి మూలకూ ఎర్రరంగుతో అంకె వేసిన వెదురుకర్ర. వేరే చెరువులనుంచి తుంగ, జమ్ము దుంపలు తెచ్చి నాటింది సాయిలు మనుషులే. నాటుతూ సాయిలు దెప్పని రోజు లేదు. "సారూ, మా తాతలు గీ తుంగను పీకి పీకి సచ్చిండ్రు. మీరేమో నాటుమంటరు. గిదేం సదువు సారూ?" అంటే, "మీ తాతలు పీకంగ మిగిలిన చెరువుల మీకు చేపలు దొరికినయి. మీరు మొత్తం పీకినంక మీ పిల్లలకు ఏం దొరుకుతదో నువ్వే చెప్పు" అని సార్ అనేవారు. ఒకసారి ఆయన బూటు బురదలో దిగబడిపోయింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. సాయిలు మోచేతిదాకా చెయ్యి పెట్టి దాన్ని లాగి, "సగం సార్‌ను చెరువు ఉంచుకుంటనన్నది, నేనే ఇయ్యలేదు" అన్నాడు. ఆయన అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ మడులు మనిషెత్తు పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వాటి నీడలో చేపపిల్లలు గుంపులుగా కనిపించాయి. నీటికోళ్ళు వచ్చాయి.

ఇక రాయవలసినది నాకు కష్టమైన భాగం. రాయకపోతే సార్ ఎలాంటివారో చెప్పినట్టు కాదు.

పెద్ద పథకం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఢిల్లీనుంచి ఇద్దరు సార్లు, ఒక మేడం వస్తారని కబురు వచ్చింది. అప్పటికే సార్‌కు కిడ్నీల జబ్బు ముదిరి నిజామాబాద్ ఆస్పత్రిలో పది రోజులుగా ఉన్నారు. ఫోన్‌లో, "సోమవారం వస్తరు. సాయిలుకు చెప్పి అంత తయారుగ ఉంచు శంకర్" అన్నారు. నేను సాయిలు దగ్గరికి పోయి ఇంకో మాట కలిపి చెప్పాను. "ఢిల్లీ నుంచి పెద్దోళ్ళు వస్తున్నరు. మన ఊరి ఇజ్జత్ దక్కాలె సాయిలూ." మన దగ్గర పెద్ద అధికారి వస్తున్నాడంటే ఏం చేస్తామో అందరికీ తెలుసు. కలెక్టరు వచ్చినా, మంత్రి వచ్చినా ఊరు ఊడుస్తాం, పిచ్చిగడ్డి కోస్తాం, దారికి రెండువైపులా సున్నం చల్లుతాం. సాయిలు సంఘం కూడా అదే చేసింది. ఆడా మగా నలభై మంది, కూలి అడగకుండా, రెండు రోజులు కొడవళ్ళు పట్టుకుని ఒడ్డు మొత్తం నున్నగా చేశారు. ఎత్తుగా పెరిగిన తుంగలో పాములుంటాయనీ, చీర కట్టుకుని వచ్చే మేడం భయపడుతుందనీ వాళ్ళ ఆలోచన. కోసింది కోసినట్టు ఉంటే మోళ్ళు గుచ్చుకుంటాయని దుంపలు కూడా చాలావరకు పెరికారు.

ఆదివారం సాయంత్రం నేను వెళ్ళి చూశాను. సున్నపు గీతలు, షామియానా, నా చేతులతో నేనే అచ్చు వేయించిన స్వాగతం బ్యానరు. ఆ దరఖాస్తులను ఎన్నోసార్లు టైపు చేసినవాడిని, ఆ మొక్కల శాస్త్రీయ నామాలను తప్పులేకుండా చూడకుండా చెప్పగలిగినవాడిని, ఆ ఒడ్డు మీద నిలబడి "బాగున్నది సాయిలూ" అన్నాను. కాగితం మీద నాకు తెలిసిన మొక్కలు నేల మీద లేవన్న సంగతి నా కంటికి ఆనలేదు.

మర్నాడు సార్ ఆస్పత్రినుంచి నేరుగా ఆటోలో వచ్చారు. చేతికి ఇంకా దూది అంటించి ఉంది. దిగి ఒడ్డును చూసి, ఆటో కడ్డీ పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. సాయిలు దండతో ఎదురు వెళ్ళి, "సార్, కర్రలు ఒక్కటి పోనియ్యలె. లెక్కవెట్టి మోపు కట్టి మా ఇంట్ల పెట్టిన" అన్నాడు. మడుల మూలల వెదురుకర్రలు! వాటిని పైలంగా దాచినందుకు సార్ మెచ్చుకుంటారని ఆ ముఖంలో వెలుగు. నాకు అప్పుడు అర్థమైంది. కోసింది పిచ్చిగడ్డిని కాదు, ఇరవై మడులనూ. సార్ ఆ దండ తీసుకుని, "మంచిగ పెట్టినవు సాయిలూ" అన్నారు.

వచ్చినవారిలో ఒకాయన చెరువు ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకున్నారు. మేడం మాత్రం మడులెక్కడ అని అడిగారు. "నేను వీళ్ళకు ఎట్ల నాటాలనో చెప్పిన, ఎందుకు ఉంచాలనో సరిగ చెప్పలేదు. తప్పు నాది" అని సార్ ఆమెకు ఇంగ్లీషులో చెప్పారు. రెండో ఆయన దయగలవాడు. పోయిన నెల కొలతలు ఉన్నాయి కదా, వాటినే చివరి కొలతలుగా చూపండి, ఇది ప్రమాదం కదా అన్నారు. సార్ ఒప్పుకోలేదు. జేబులోని పెన్ను తీసి, షామియానా కింద కూర్చుని, రిజిస్టరులో ఇరవై మడులకూ ఎదురుగా ఒక్కొక్కటిగా సున్నా వేశారు. "ఇయ్యాల ఒడ్డు మీద ఏమున్నదో అదే రాస్తం" అన్నారు. ఇరవై సున్నాలు వేయడానికి ఎంతసేపు పడుతుందో నేను ఆ రోజు చూశాను.

రెండు నెలలకు ఫలితం వచ్చింది. పథకాన్ని సిఫారసు చేయడం లేదు. కారణం: స్థానిక ప్రజల భాగస్వామ్యం కొరవడినది. కూలి లేకుండా నలభై మంది రెండు రోజులు వంగి పనిచేసిన ఒడ్డు గురించి రాసిన మాట అది. చదివి వినిపించలేక కాగితం ఆయన చేతికిచ్చాను. అప్పుడే నా తప్పు ఒప్పుకున్నాను. సాయిలుకు ఇజ్జత్ మాట చెప్పింది నేను, చూసి బాగుందన్నది నేను. ఆయన కాగితానికి రెండు రంధ్రాలు వేశారు. "రేపు పొద్దుగాల ఆరింటికి చెరువు కాడికి రా. బూట్లు తెస్త" అన్నారు.

ఆ ఉదయం మిగిలిన మొదళ్ళనుంచి లేస్తున్న పిలకల మధ్య నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. "కాడ పట్టుకుని వేళ్ళ నడుమ తిప్పు. గడ్డి అయితే గుండ్రంగ తిరుగుతది. తుంగకు మూడు పలకలుంటయి, ఆగి ఆగి తిరుగుతది" అన్నారు. తిప్పాను. ఆగి ఆగి తిరిగింది. తుంగ కాడకు మూడు పలకలని నేను చదివే ఉన్నాను, టైపు కూడా చేశాను. యాభై ఏళ్ళ వయసులో దాన్ని మొదటిసారి వేళ్ళతో తెలుసుకున్నాను. గురువు అన్న మాట నిఘంటువులో చాలా అర్థాలతో ఉంటుంది. నాకు ఆ ఉదయం తర్వాత ఒక్క అర్థమే మిగిలింది.

సాయిలు సిగ్గుతో నెల రోజులు ఎదురుపడలేదు. సార్ ఒక దారిన వస్తే తాను ఇంకో దారిన పోయేవాడు. చివరకు సారే వాళ్ళింటికి పోయి గడపలో కూర్చున్నారు. "చేపల పులుసు పెట్టు" అన్నారు. "డాక్టర్ వద్దన్నడు గద సారూ" అని లోపలినుంచే జవాబు. "డాక్టర్‌ను నేనే గదరా, పెట్టు" అన్నారు. సాయిలు బయటికి వచ్చి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. "కోస్తె మళ్ళ మొలుస్తదనుకున్న సారూ" అన్నాడు. "మొలుస్తది. నువ్వూ నేనూ ఆగాలె, అంతే" అన్నారు సార్. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడిగారు. మర్నాడు సాయిలు వెదురుకర్రల మోపు భుజాన వేసుకుని చెరువుకు వచ్చాడు.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు డయాలిసిస్ కోసం నిజామాబాద్ బస్సు, మిగిలిన రోజులు చెరువు. ముఖం నల్లబడింది, పాదాలు వాచాయి. బస్సు దిగి ఇంటికి పోకుండా నా స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుని చెబుతుంటే నేను టైపు చేసేవాడిని. చివరి దరఖాస్తు అట్లా తయారైంది. అందులో ఇదివరకెన్నడూ లేని ఒక అధ్యాయం చేర్చారు. ఆ రెండు రోజుల కోత సంగతంతా దాపరికం లేకుండా రాసి, అదే నలభై మందికి మొక్కలు గుర్తించడం, కొలతలు రాయడం నేర్పితే ఒడ్డును వాళ్ళే కాపాడతారని, ఈసారి నిధుల్లో ముందుగా దానికే కేటాయించమని అడిగారు. "ఇది ఆఖరుసారి శంకర్. ఇస్తే ఇస్తరు, లేకుంటే లే" అన్నారు. అలసిపోయిన మనిషి మాట అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం అంత్యక్రియలు ముగిశాయి. మంగళవారం నుంచి నేను దరఖాస్తు సంచిలో పెట్టుకుని బోధన్‌లో, నిజామాబాద్‌లో కాలేజీలు తిరిగాను. ప్రధాన పరిశోధకుడు డాక్టరేటు ఉన్నవాడై ఉండాలి. సంతకం పెట్టేవారు ఒక్కరు దొరికితే చాలు. అందరూ సార్ గురించి మంచిగానే మాట్లాడారు. ఒకరికి బదిలీ ఉంది, ఒకరిది వేరే విషయం, ఒకరు ఆ చెరువు ఎక్కడుందని అడిగారు. వాళ్ళను తప్పుపట్టను. బతికున్నప్పుడే ఆ స్టూలు పక్కన ఇంకొకరు కూర్చోలేదు.

శుక్రవారం సాయంత్రం సాయిలు దుకాణానికి వచ్చాడు. గడువుకు ఇంకా కొద్ది గంటలే ఉంది.

"నీ పేరు రాయన్నా. గిన్ని బుక్కులు సదివినవు" అన్నాడు.

"పదో తరగతి సాయిలూ."

"మరి నాది రాయి. నేను పుట్టింది గా చెరువు కాడనే."

"దరఖాస్తు ఏం చదివినవని అడుగుతది."

"దానికెందుకు?" అని, గొంతు తగ్గించి, "సార్ సంతకం నీ కంప్యూటర్ల ఉన్నదంటివి గద. అదే పెట్టెయ్యి. సార్ వచ్చి ఒద్దంటడా?" అన్నాడు.

ఉంది. మొదటి సాయానికి స్కాన్ చేసిన సంతకం ఫైలుగా ఉంది. అతికించడానికి నిమిషం పట్టదు. ఆయన రాసిన దరఖాస్తే, ఆయన కోరికే, ఆయన చెరువే. నా చెయ్యి ఆ ఫైలు దాకా వెళ్ళింది. ఇరవై సున్నాలు వేసిన మనిషి పేరు కింద ఆయన వేయని సంతకాన్ని నేను వేయలేకపోయాను. సంస్థ వెబ్‌సైటులో సార్ పేరున ముందే ఎక్కించి పెట్టిన దరఖాస్తును ఉపసంహరించుకోవడానికి ఒక మీట ఉంటుంది. కారణం అడిగింది. 'ప్రధాన పరిశోధకులు సోమవారం మరణించారు' అని ఇంగ్లీషులో టైపు చేసి నొక్కాను.

వెంటనే యంత్రం జవాబు పంపింది. సాయిలు చదివి చెప్పమన్నాడు. "డాక్టర్ లింబాద్రి గారూ, మీ ఆసక్తికి కృతజ్ఞతలు. వచ్చే సంవత్సరం మీరు మళ్ళీ దరఖాస్తు చేయగలరని ఆశిస్తున్నాము" అని ఉంది. చెప్పాను.

సాయిలు తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "వచ్చేయేడు ఎవలు జేస్తరన్నా?" అన్నాడు.

అంతకంటె పెద్ద నివాళి నాకు రాయడం చేతకాదు. ఆ ప్రశ్ననే సార్ పాదాల దగ్గర ఉంచి నమస్కరిస్తున్నాను.